వరస చెప్పి పాడిన సీమ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన గురువుల చేతిరాత పుస్తకాలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. పాట నెత్తిన ఒక చిన్న మాట రాసి ఉంటుంది: ఫలానా సినిమాలో ఫలానా పాట వరస. దాని కింద అశోకవనంలో సీతమ్మ ఉండొచ్చు, వెన్న దొంగిలించే కిష్టయ్య ఉండొచ్చు, కదిరి నరసింహుడు ఉండొచ్చు. మాటలు గురువువి. వరస ఎవరిదో మొదటి గీతలోనే ఒప్పుకున్నాడు. లోకంలో పాటలన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి పుట్టినవే. పుట్టుక దాచుకోకుండా చెప్పుకునే పాటలు మాత్రం తక్కువ. ఆ తక్కువలో మా సీమ భజన పాటకు పెద్దపీట వెయ్యాలని నా వాదం.

ఈ గుణం మాకు నిన్నమొన్న వచ్చింది కాదు. 1853లో ధర్మవరంలో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా ఉంటూ తెలుగు నాటకానికి పాట తెచ్చిపెట్టాడు. అప్పటికి ధర్మవరం బళ్లారి జిల్లాలోదే. అనంతపురం జిల్లా విడిపోయింది 1882లో. ధార్వాడ నుంచి, బొంబాయి వైపు నుంచి వచ్చిన నాటక సమాజాల ఆటలు చూసి, పారశీ వరసలు విని, మన జనం కూడా రంగస్థలం మీద పాట వినాలని ఆయన పట్టుబట్టాడంటారు. సరసవినోదినీ సభ పెట్టి ‘చిత్రనళీయం’ ఆడించాడు, ‘విషాద సారంగధర’ రాసి విషాదాంత నాటకం తెలుగులో నిలబడుతుందని చూపించాడు. కోస్తావాళ్లు నాటకం మాటెత్తితే కందుకూరి పేరు, చిలకమర్తి పేరు చెబుతారు. చెప్పనివ్వండి. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు మాత్రం ధర్మవరం ఇంటిపేరుకే దక్కింది. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. పొరుగు వరస తెచ్చి తెలుగు మాట కూర్చి జనం చేత పాడించడం అనే విద్యకు మా గడ్డ మీద అంత పెద్ద గురువు ఉన్నాడు.

ఇక ఆ విద్యలోని పనితనం చూద్దాం. వరస ఉంది కదా, మాటలు మార్చేస్తే పాట అయిపోతుందనుకునేవాళ్లు ఒక్కసారి ప్రయత్నించి చూడాలి. వరసలో స్వరం ఎక్కడ సాగుతుందో అక్కడ దీర్ఘం పడాలి. ‘గోవిందా’లో మూడూ గురువులే, నింపాదిగా సాగే చోట అది హాయిగా కూర్చుంటుంది. ‘నరహరి’లో నాలుగూ లఘువులే, దాన్ని గబగబా పరుగెత్తే చోట పెట్టాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే దేవుడి పేరు నోట్లోనే విరిగిపోతుంది. మంచి గురువు ముందు వరసను మాటల్లేకుండా ‘తానన తానన’ అని పదిసార్లు పాడుకుంటాడు. ఏ అక్షరం ఎక్కడ దిగాలో చెవికి తెలిశాకే పెన్ను పట్టుకుంటాడు. ఛందస్సు పుస్తకం ఎన్నడూ ముట్టని మనిషి గణాల లెక్క తప్పకుండా రాస్తుంటే చేతులెత్తి దణ్ణం పెట్టబుద్ధేస్తుంది.

రెండోది ఎత్తుగడ. సినిమా పాట తాళం పడగానే మొదలవ్వొచ్చు, దెబ్బ పడ్డాక కాస్త ఆగి మొదలవ్వొచ్చు, ముందే అందుకోవొచ్చు. సంగీత శాస్త్రం వీటిని సమం, అనాగతం, అతీతం అంటుంది. భజనలో ఇరవైమంది చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు. అనాగతంగా ఎత్తుకునే వరస తీసుకుంటే ముందు చెక్క పలకాలి, అడుగు పడాలి, అప్పుడు గొంతు లేవాలి. ఒక్కడు ముందుగా నోరు తెరిచినా గుంపంతా తడబడుతుంది. అందుకే గురువు ఆ క్షణంలో తల ఊపి, కుడికాలు నేలకు కొట్టి సైగ చేస్తాడు. చూసేవాళ్లకు అది నాట్యంలో భాగమనిపిస్తుంది. పాడేవాళ్లకు అదే ఆధారం.

మూడోది సినిమాలో చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు, వేణువులు నింపే ఖాళీ. పల్లెలో ఒక హార్మోనియం, ఒక మృదంగమో డోలకో, తాళాలు, అంతే. ఆ ఖాళీని గురువు అడుగులతో నింపుతాడు. గుండ్రంగా తిరుగుతున్నవాళ్లు లోపలికి ఒంగి, వెనక్కి విరిగి, జతలు జతలుగా ఎదురై, మృదంగం ముక్తాయింపు ఇవ్వగానే సరిగ్గా పల్లవి మీదకు వచ్చి పడతారు. గొంతు మెలికలు తిరిగే సంగతులుంటే వాటిని ముందుపాట పాడే గురువు తన దగ్గర ఉంచుకుని, వెనకపాట అందుకునే గుంపుకు వరసను నున్నగా చేసి ఇస్తాడు. ఒకే వరస రెండు రూపాల్లో పక్కపక్కనే నడుస్తుంది. ఈ పని చేసే మనిషి పగలు శెనక్కాయ చేలో ఉంటాడు, లేదంటే ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీర నేస్తుంటాడు.

అన్నిటికన్నా గొప్పది రసం మార్చడం. ప్రియుడి కోసం కుమిలే పాట వరస అశోకవనంలో సీతకు వెళ్తుంది. యుగళగీతం సీతారాముల సంవాదమవుతుంది. హాస్యపు పాట హనుమంతుడి చేతిలో పడి లంకంతా అల్లరి చేస్తుంది. తాగుబోతు పాట వరస తత్వంగా మారి సంసారం బూటకమని చెబుతుంది. విన్నవాళ్లకు పాత పాట గుర్తొస్తూనే ఉంటుంది. ఆ గుర్తు మీద కొత్త అర్థం వచ్చి కూర్చుంటుంది. ‘లవకుశ’ 1963లో వచ్చాక ఘంటసాల వరసలు రామాలయాల్లోకి నేరుగా నడిచి వచ్చాయి. వాటికి రసం మార్చే పని కూడా లేకపోయింది.

పెనుకొండ మాట చెప్పకుండా ముందుకు పోలేను. బాబయ్య దర్గా ఉరుసులో ఖవ్వాలీ చప్పట్లు, గుళ్లో భజన చెక్కలు ఒకే గాలిలో మోగిన ఊరది. పీర్ల పండక్కి అలావా నిప్పుల గుండం చుట్టూ పాడే పాటల నడకలోనూ, రామభజన నడకలోనూ పోలికలు చెవికి అందుతాయి. ఆ ఊళ్లో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రాస్తూ నాట్యం జతుల ఊపును పద్యంలోకి దించాడు. పద్నాలుగేళ్లు నిండీ నిండని వయసులో ఆయన రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తర్వాత ఆయన రాసిన విద్వాన్ పరీక్షకే పాఠ్యపుస్తకమైంది. అడుగు నుంచి అక్షరం అప్పు తెచ్చుకోవడం తెలిసిన ఊరు కాబట్టే అంతటి కవి పుట్టుకొచ్చాడని నా నమ్మకం.

పల్లెలో గురువు చేసిన పనినే మదరాసులో మహా సంగీత దర్శకులు చేశారు. 1953లో హిందీ ‘అనార్కలి’కి సి.రామచంద్ర కట్టిన వరసను 1955 తెలుగు ‘అనార్కలి’లో ఆదినారాయణరావు ‘జీవితమే సఫలము’గా తెచ్చాడు. జిక్కి గొంతులో అది తెలుగు పాటే అయిపోయింది. ఆ ఆదినారాయణరావే రెండేళ్లకు ‘సువర్ణసుందరి’లో సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాల మాలికగా ‘హాయి హాయిగా’ కట్టి, అదే వరసను హిందీకి ఇచ్చాడు. లతా, రఫీ పాడితే ఉత్తరాది తలలూపింది. తెచ్చుకున్నదానికి వడ్డీతో సహా చెల్లించడమంటే ఇది. 1970ల చివర ఎన్టీఆర్ ‘అక్బర్ సలీం అనార్కలి’ తీస్తూ సి.రామచంద్రనే పిలిపించి సంగీతం చేయించుకున్నాడు. వరస తెచ్చుకున్న చోటికి వెళ్లి ఆ పెద్దమనిషినే సగౌరవంగా ఇంటికి తీసుకొచ్చినట్టయింది.

మన వరసలూ తక్కువ ప్రయాణాలు చెయ్యలేదు. 1955లో ‘రోజులు మారాయి’లో కొసరాజు మాటలకు మాస్టర్ వేణు కట్టిన ‘ఏరువాక సాగారో’ మొదట తమిళంలోకి, తర్వాత 1960లో ఎస్.డి.బర్మన్ చేతుల మీదుగా ‘బంబై కా బాబూ’లోకి వెళ్లింది. పొలం గట్టు మీది లయ బొంబాయిని ఆడించింది. ‘మిస్సమ్మ’లో సాలూరి రాజేశ్వరరావు ‘బృందావనమది అందరిది’ వరసను హిందీ ‘మిస్ మేరీ’లో హేమంత్ కుమార్ దాదాపు అలాగే ఉంచాడు. అంతటి సంగీతకారుడు చెయ్యి పెట్టకుండా వదిలేశాడంటే ఆ వరసకు అంతకన్నా పెద్ద సన్మానం ఏముంటుంది?

హిందూపురంవాళ్లకు ఇంకో భాగ్యం ఉంది. పొద్దున బెంగళూరు రేడియో స్టేషను, సాయంత్రం కడప స్టేషను వినే చెవులు వాళ్లవి. కన్నడ ‘ఎరడు కనసు’ 1974లో వచ్చింది. మరుసటేడే అది తెలుగులో ‘పూజ’ అయింది. రెంటికీ రాజన్-నాగేంద్ర సోదరులే. ‘ఎందెందు నిన్ననూ మరెతు’, ‘ఎన్నెన్నో జన్మల బంధం’ ఒకే వరస. ‘పూజిసలెందే’, ‘పూజలు చేయ’ ఒకే వరస. ఈ రెండో వరసను కన్నడంలో ఎస్.జానకి పాడింది, తెలుగులో వాణీజయరాం. ఏది గొప్పదని వాదించుకునేవాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. నేను వాణీజయరాం పక్షం; ఆ విషయంలో రాజీ లేదు. రెండు భాషల్లో రెండు పాటలనూ గుండెకు హత్తుకున్నవాళ్లకే ఒక వరస ఎన్ని ప్రాణాలు పోసుకోగలదో పూర్తిగా తెలుస్తుంది.

పెద్ద సంగీతమూ ఇందుకు అతీతం కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృతం కూర్చి నోటుస్వరాలు చేశాడు. ‘గాడ్ సేవ్ ది కింగ్’ వరసలో ‘సంతతం పాహిమాం’ పాడుకుంటే అది అమ్మవారి ముందు మోకరిల్లుతుంది. సలిల్ చౌదరి మొజార్ట్ నలభయ్యో సింఫనీ ఎత్తుగడను 1961లో ‘ఛాయా’ సినిమాకు తెచ్చి ప్రేమగీతం చేశాడు. ఇక మా సీమలోని రాళ్లపల్లివాడే అనంతకృష్ణశర్మ. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆ పేరొక్కటే ఆధారంగా, పదం నడకను చెవితో పట్టుకుని, కీర్తనలకు స్వరాలు కట్టాడు ఆయన. మైసూరులో పాఠాలు చెప్పుకుంటూ, తిరుపతిలో తాళపాక సాహిత్యంతో కుస్తీ పడుతూ జీవితం గడిపిన ఆ మహానుభావుడు ఏ కీర్తనకైనా అన్నమయ్య పేరునే ముందుంచాడు.

ఇప్పుడు నా కడుపుమంట చెప్పుకోనివ్వండి. కదిరి వైపు బేట్రాయి సామిని తలుచుకుంటూ జనం పాడుకునే పాటొకటి ఉంది. చేప దగ్గర మొదలుపెట్టి దేవుడి అవతారాలను పల్లె మాటల్లో వరసగా చెప్పే పాట. 2013లో ‘అత్తారింటికి దారేది’లో పవన్ కల్యాణ్ ‘కాటమరాయుడా’ అంటూ దాన్ని అందుకోగానే రాష్ట్రమంతా పాడింది. సంతోషమే. కానీ అవతారాలన్నీ ఉన్న నిండు పాటను ఎంతమంది విన్నారు? దాన్ని తరాలుగా మోసిన గొంతుల గురించి ఎంతమంది అడిగారు? జానపదం అంటే ఎవరిదీ కాదన్న లెక్కేమిటి? జానపదమంటే ఒక ఊరిది, ఒక గుంపుది. దానికి ఇంటి చిరునామా ఉంది.

ఇంకా ఘోరం ఫోన్లతో వచ్చేవాళ్లది. జాతరలో ముసలమ్మ పాట రికార్డు చేసుకుంటారు, కింద నాలుగు కీబోర్డు మోతలు తగిలిస్తారు, రచన తమదనీ బాణీ తమదనీ రాసుకుంటారు. ఆ ముసలమ్మకు చీర ముక్క కూడా దక్కదు. భజన గురువు సినిమావాడి పేరు నెత్తిన రాసుకుని పాడతాడు. ఈ పెద్దమనుషులు పాట ఇచ్చినవాళ్ల పేరును కొట్టేసి పాడతారు. మొదటిది అప్పు. రెండోది దొంగతనం. రెంటినీ ఒకటే అనేవాడితో నేను ఎక్కడైనా వాదిస్తాను.

డీజే పెట్టెలు మిగిలినదాన్ని మింగుతున్నాయి. ఊరేగింపులో గుండెలదిరే మోత ముందు మృదంగం ఎవరికి వినిపిస్తుంది? కొన్నిచోట్ల చెక్కభజననే ట్రాకు పెట్టి ఆడిస్తున్నారు. ట్రాకుకు ఆగడం తెలియదు. గురువు సైగ చూసి నడక పెంచడం తెలియదు. పిల్లవాడు అడుగు తప్పితే ఒక ఆవర్తం ఆగి వాణ్ని కలుపుకోవడం తెలియదు. ఆ కలుపుకోవడమే కదా భజన! వరసకు మాట కూర్చగలిగిన గురువు ఎదురుగా ఉండగా యంత్రం ముందు పిల్లల్ని నిలబెట్టడం ఊరికి ఊరే తనకు తాను చేసుకుంటున్న అన్యాయం.

అయ్యా, అమ్మా, ఊరి పెద్దలారా! మీ ఊరి గురువు నోటుపుస్తకం చినిగిపోకముందే ప్రతి పుటా ఫొటో తీయించండి. నెత్తిన ఉన్న వరస పేరు వదలకుండా తీయించండి; ఏ పాట ఏ పాటకు చుట్టమో చెప్పే వంశవృక్షం అదే. అనంతపురం విశ్వవిద్యాలయాల్లో తెలుగు చదివే పిల్లలారా, మీ పరిశోధనకు ఇంతకన్నా సొంత విషయం దొరకదు. సినిమావాళ్లకు నా మనవి ఒక్కటే: మా పాటలు తీసుకోండి, ఆనందంగా ఇస్తాం, మేమూ మీ దగ్గర కావలసినన్ని తీసుకున్నాం. మా గురువు మీకు చేసిన మర్యాదే మీరూ అతనికి చెయ్యండి. పేర్లు పడే చోట ఆ ఊరి పేరు, ఆ పాట అందించిన మనిషి పేరు రాయండి. వచ్చిన డబ్బులో అతని వాటా అతనికివ్వండి.