నిల్వ పెట్టని గ్రంథి

మెదడు నడిమధ్యన, రెండు అర్ధగోళాల సందులో, బియ్యపుగింజంత గ్రంథి ఒకటి ఉంది. పేరు పీనియల్. రాత్రిపూట మెలటోనిన్ తయారుచేసేది ఇదే. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశారు. ఆయన చర్మవైద్యుడు. నిద్ర సంగతి ఆయన వెతకలేదు. కప్ప చర్మం రంగును పలచబరిచేదేమిటో తెలుసుకోవాలనుకున్నారు. మెలటోనిన్ అంటే నిద్రమాత్ర అనుకునేవాళ్లు దాని వెనకున్న యంత్రాంగాన్ని ఒకసారి విప్పి చూడాలి.

మొదటి భాగం కంట్లో ఉంది. చూపునిచ్చే రాడ్లు, కోన్లు కాక రెటీనాలో మరికొన్ని కణాలున్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే వర్ణకం నీలికాంతికి, సుమారు 480 నానోమీటర్ల దగ్గర, బాగా స్పందిస్తుంది. ఈ కణాల ముఖ్యమైన పని వెలుతురు ఎంత ఉందో కొలవడం. అందుకే చూపు పూర్తిగా పోయినా, ఈ కణాలు చెడని కొందరిలో కంటిమీద వెలుతురు పడితే రక్తంలో మెలటోనిన్ తగ్గుతుంది.

ఆ కొలత హైపోథాలమస్‌లోని సూప్రాకయాస్మాటిక్ కేంద్రకానికి అందుతుంది. సుమారు 20,000 నాడీకణాల ఈ జంట గుత్తే ఒంట్లోని ప్రధాన గడియారం. పగలు అది పీనియల్‌కు వెళ్లే సంకేతాన్ని ఆపి ఉంచుతుంది. కాబట్టి మధ్యాహ్నం తలుపులు మూసి చీకట్లో కూర్చుంటే మెలటోనిన్ పెరగదు. గడియారం ఒప్పుకోవాలి, కంటికి చీకటీ ఉండాలి.

గడియారం నుంచి పీనియల్ కొద్ది సెంటీమీటర్ల దూరమే. నాడీమార్గం మాత్రం నేరుగా పోదు. మెదడు కాండం గుండా దిగి, వెన్నుపాములో ఛాతీ ఎత్తుకు వెళ్లి, అక్కడ బయటపడి, మెడ పైభాగంలోని నాడీముడి దగ్గర చేయి మారి, రక్తనాళాల వెంట మళ్లీ తలలోకి ఎక్కుతుంది. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా తెగినవాళ్లలో రాత్రి మెలటోనిన్ పెరగకపోవడం ఈ చుట్టుదారికి సాక్ష్యం.

ఇక కణంలో జరిగే పని. పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే ట్రిప్టోఫాన్ రెండు అంచెల్లో సెరటోనిన్ అవుతుంది, మరో రెండు అంచెల్లో మెలటోనిన్. ఈ నాలుగింటిలో మూడోదాన్ని నడిపే ఏఏనాట్ అనే ఎంజైమ్ చేతిలోనే తాళం ఉంది. చీకట్లో నాడి కొస నుంచి నారడ్రినలిన్ విడుదలవుతుంది. కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. దాంతో ఎంజైమ్‌కు ఒక ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. ఆ ఫాస్ఫేట్‌ను పట్టుకుని 14-3-3 అనే ప్రోటీన్ ఎంజైమ్‌ను కాపాడుతుంది. ఫాస్ఫేట్ లేని ఎంజైమ్‌ను ప్రోటియాసోమ్ ముక్కలు చేసేస్తుంది.

ఎలుకల్లో ప్రతి రాత్రీ జన్యువు నుంచి కొత్త నకళ్లు తీసి ఎంజైమ్‌ను కట్టాలి, అందుకు గంటలు పడుతుంది. గొర్రెలు, ఆవులు, కోతుల్లో ఏర్పాటు వేరు. ఎంజైమ్ పగలంతా తయారవుతూనే ఉంటుంది, తయారైంది తయారైనట్టే ధ్వంసమవుతుంది. ఎంత దుబారా అనిపిస్తుంది. కానీ చీకటి పడగానే ధ్వంసాన్ని ఆపితే చాలు, పని మొదలైపోతుంది. అర్ధరాత్రి దీపం వెలిగిస్తే ఆ రక్షణ సడలి, నిమిషాల్లో ఉత్పత్తి పడిపోతుంది. మొత్తం యంత్రాంగంలో నాకు బాగా నచ్చింది ఈ దుబారాయే.

ఇన్సులిన్‌ను క్లోమం సంచుల్లో దాచి అవసరానికి వదులుతుంది. పీనియల్ ఏమీ దాచదు. చేసింది చేసినట్టే రక్తంలోకి, మెదడు ద్రవంలోకి వెళ్లిపోతుంది. రక్తంలో చేరింది సగం కావడానికి గంట కూడా పట్టదు. కాలేయం దాన్ని మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. పాత సరుకు మిగలదు గనుక, ఏ క్షణాన కొలిచినా రక్తంలోని పరిమాణం ఆ వేళకు సరిపోయే కబురే చెబుతుంది. సాయంత్రం, అలవాటైన నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందు పెరగడం మొదలై, తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య తారస్థాయికి చేరుతుంది.

ఆ కబురు అందుకునేవాటిలో ప్రధాన గడియారమూ ఒకటి. అక్కడి ఎంటీ1 గ్రాహకం నాడీకణాల చురుకుదనాన్ని తగ్గిస్తుంది, ఎంటీ2 వేళను ముందుకో వెనక్కో జరుపుతుంది. చేతులు, కాళ్ల చర్మంలో రక్తప్రసరణ పెరిగి ఒంటి లోపలి వేడి తగ్గుతుంది. రాత్రంతా పరుగులు తీసే ఎలుకలోనూ మెలటోనిన్ రాత్రే పెరుగుతుంది. అంటే అది చెప్పేది రాత్రయిందని మాత్రమే. దాన్ని విని పడుకోవాలా, తిండికి బయల్దేరాలా అన్నది ఏ జీవికా జీవి తేల్చుకుంటుంది.

మాత్ర రూపంలో మింగితే నిద్ర పట్టడం సగటున 7 నిమిషాలే త్వరపడుతుందని 2013లో పలు ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. దాని అసలు బలం వేళను దిద్దడంలో ఉంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి పగలూ రాత్రీ తారుమారైనవాళ్లకు ఏ గంటకు వేసుకున్నారన్నది ముఖ్యం. మోతాదు పెంచితే మత్తు పెరుగుతుందేమో గానీ గడియారం అంత ఎక్కువగా జరగదు. చూపు లేక, వెలుతురు దిద్దుబాటు అందక, నిద్రవేళ రోజురోజుకూ వెనక్కి జారిపోయేవాళ్ల మీద 2000లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఏడుగురిలో ఆరుగురి గడియారం రోజూ నిద్రకు ముందు ఇచ్చిన 10 మిల్లీగ్రాముల మోతాదుతో 24 గంటలకు కట్టుబడింది. వారిలో కొందరికి మోతాదును మెల్లగా 0.5 మిల్లీగ్రాములకు తగ్గించినా, అది గాడి తప్పలేదు.