శవం మీద పిజ్జా

గుమ్మంలో పడివున్న కుర్రవాడి శవం దగ్గర పిజ్జా పెట్టె ఉంటుంది. తెచ్చి ఇవ్వడానికి వచ్చినవాడే చచ్చిపోయాడు. బయట హంతకుడు తిరుగుతున్నాడు. లోపల అమ్మాయిలు వణికిపోతున్నారు. అందులో ఒకమ్మాయి ఆ పెట్టె తెరిచి, ఒక ముక్క తీసుకుని తింటుంది. 1982లో అమెరికాలో వచ్చిన 'ద స్లంబర్ పార్టీ మాసకర్' అనే సినిమాని చూసినవాళ్లు మిగతా అంతా మరచిపోయినా ఈ సన్నివేశాన్ని మాత్రం మరచిపోరు. కొందరు నవ్వుతారు, కొందరు ఇంత తెలివితక్కువతనమా అని విసుక్కుంటారు. నాకు సినిమా కంటే ఈ అభిప్రాయాలే ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి. ఎవరు నవ్వుతున్నారు, ఎవరు నవ్వడం లేదు అన్నది చూస్తే స్త్రీల సృజన మీద మనం పెట్టే షరతులు కూడా బయటపడతాయి.

ఈ సినిమా చూడకపోతే కొంపలేమీ మునగవు. 77 నిమిషాల నిడివి. సుమారు రెండున్నర లక్షల డాలర్ల ఖర్చు, అంటే హాలీవుడ్ లెక్కలో చిల్లర డబ్బులు. అక్కడ 'స్లాషర్' అని పిలిచే రకం సినిమా ఇది. ఒక హంతకుడు, ఒక పదునైన ఆయుధం, వరసగా చనిపోయే పడుచువాళ్లు. 1978లో 'హాలోవీన్' విజయం తర్వాత ఇలాంటివి పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఇందులో తల్లిదండ్రులు ఊళ్లో లేని రాత్రి ట్రిష్ అనే అమ్మాయి స్నేహితురాళ్లని ఇంటికి పిలుస్తుంది. జైలు నుంచి తప్పించుకున్న రస్ థార్న్ అనేవాడు పెద్ద డ్రిల్లింగు మెషీను పట్టుకుని వస్తాడు. పక్కింట్లో వేలరీ అనే కొత్తమ్మాయి, ఆమె చెల్లెలు కోర్ట్నీ ఉంటారు. కథ అంతే.

అయితే ఈ కథ రాసింది రీటా మే బ్రౌన్. 1973లో 'రూబీఫ్రూట్ జంగిల్' నవల రాసిన మనిషి. 1970లో అమెరికా స్త్రీవాద ఉద్యమం లెస్బియన్ స్త్రీలని పక్కన పెట్టడాన్ని నిలదీసినవాళ్లలో ఒకరు. ఆవిడ ఈ కథని ఇలాంటి సినిమాల మీద ఎగతాళిగా రాశారు. దర్శకత్వం ఎమీ హోల్డెన్ జోన్స్. ఆమె అప్పటికి ఎడిటరు. స్పీల్‌బర్గ్ 'ఈ.టి.' సినిమాకి ఎడిటింగు చేసే అవకాశం చేతిలో ఉంది. అది వదులుకుని ఈ చవక సినిమాకి దర్శకత్వం చెయ్యడానికి వెళ్లింది. 'ఈ.టి.'ని కేరల్ లిటిల్టన్ అనే మరో స్త్రీ ఎడిట్ చేసి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నారు. ఇలాంటి నిర్ణయం మగవాడు తీసుకుంటే సాహసం అంటారు. జోన్స్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 'అయ్యో' అన్న ధ్వని ఒకటి వినిపిస్తుంది.

నిర్మాత రోజర్ కోర్మన్. చవక సినిమాల చక్రవర్తి. కొత్తవాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి, అవకాశాలిచ్చాడని ఆయనకి పేరుంది. ఆ అవకాశానికి ఒక ధర ఉంది. ఇంత రక్తం, ఇంత నగ్నత ఉండి తీరాలి. అందుకే సినిమా మొదట్లోనే బాస్కెట్‌బాల్ ఆట అయ్యాక అమ్మాయిలు స్నానం చేసే దృశ్యం ఉంటుంది. కెమెరా వాళ్ల ఒళ్ల మీద నింపాదిగా పాకుతుంది. ఏ సందర్భమూ ఉండదు.

ప్రేక్షకుల వాదనలన్నీ ఇక్కడ మొదలవుతాయి. ఇది స్త్రీవాద సినిమా అనేవాళ్లు డ్రిల్లుని చూపిస్తారు. హంతకుడి రెండు కాళ్ల మధ్య నుంచి వేలాడుతూ ఆ డ్రిల్లు, దాని వెనక భయంతో ముడుచుకున్న ఆడపిల్లలు, ఇదీ పోస్టరు. సినిమాలో కూడా ఆ డ్రిల్లు ఏమిటో అర్థం కానివాళ్లుండరు. చివరికి వేలరీ పెద్ద కత్తితో దాని మొన నరికేస్తుంది. అంతవరకు నోరు విప్పని హంతకుడు అప్పటికి కాస్త ముందే మాట్లాడడం మొదలుపెట్టి, మీరంటే నాకు ప్రేమ అంటాడు, మీకూ ఇదే కావాలి అంటాడు. ఆసిడ్ పోసినవాళ్ల వాంగ్మూలాలు చదివిన మనకి ఈ భాష కొత్తగా ఉండదు. కాదనేవాళ్లు ఆ స్నానాల దృశ్యాన్ని చూపించి, ఆడవాళ్ల చేత ఆడవాళ్లనే అమ్మించారు కదా అంటారు. మూడో రకం మగ ప్రేక్షకులు ఈ గొడవంతా మాకెందుకు, భయపెట్టిందా లేదా అంటారు. వాళ్ల లెక్కలో సినిమా తప్పింది. హంతకుడికి ముసుగు లేదు, రహస్యం లేదు, పట్టపగలే మొహం కనిపిస్తుంది.

నాకు మాత్రం ఆ ముసుగు లేకపోవడమే సినిమాలో తెలివైన పని అనిపిస్తుంది. డెనిమ్ బట్టలు వేసుకున్న మామూలు మనిషి. వాడికి విషాదకరమైన బాల్యం లేదు, వాడిని పాడుచేసిన తల్లి లేదు. 'సైకో' దగ్గర నుంచి ఈ రకం సినిమాల్లో కొడుకు హంతకుడైతే తల్లి ముద్దాయి. ఇక్కడ ఆ సాకు ఎవరికీ దొరకదు.

ఈ వేసవిలో మా ఇంట్లో నలుగురం కూర్చుని ఈ సినిమా చూశాం. మా అక్క కూతురు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైన పెద్దావిడ. భర్త పోయి ఆరేళ్లయిన నా స్నేహితురాలు. స్నానాల దృశ్యం వచ్చినప్పుడు పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ముప్ఫై ఏళ్లు ఆడపిల్లలకి ఆట నేర్పానమ్మా. ఆట అయ్యాక కాళ్లు పీకుతాయి, మోకాళ్లు గీరుకుపోయుంటాయి. వీళ్లలో ఒక్కతికీ దెబ్బ తగల్లేదేమిటి?" అంది. లారా మల్వీ 1975లో మగచూపు గురించి రాసిన వ్యాసం ఆవిడ చదవలేదు. ఆటలో అలసిన శరీరం వేరు, చూడ్డానికి పేర్చిన శరీరం వేరు అని ఆవిడకి ఆ వ్యాసం చెప్పనక్కర్లేదు కూడా.

మా అమ్మాయి వేరే ప్రశ్న వేసింది. "పిన్నీ, ఇది ఆడవాళ్లు తీశారని నువ్వు ముందే చెప్పావు కాబట్టి ఓపిగ్గా చూస్తున్నాను. చెప్పకపోయుంటే పది నిమిషాల్లో ఆపేసేదాన్ని. మగవాడి పేరు వేసి ఇదే సినిమా చూపిస్తే నీకూ ఇందులో ఇన్ని అర్థాలు దొరికేవా?"

గట్టి ప్రశ్నే. దొరికేవి కొన్ని, అన్నీ కాదు. అయితే పేరు తెలిసి చూడడం తప్పేమీ కాదని నా ఉద్దేశం. మగవాడి సినిమాలో ఇలాంటి దృశ్యం వస్తే అది అతని ఇష్టం అనుకుని ఊరుకుంటాం. స్త్రీ తీసిందని తెలిస్తే ఈ దృశ్యం ఎవరు పెట్టించారు, ఎందుకు ఒప్పుకుంది, మిగతా చోట ఏం చేసింది అని అడుగుతాం. ఈ ప్రశ్నలు ప్రతి సినిమాకీ వెయ్యాల్సినవి. స్త్రీలు తీసినవాటికే వేస్తున్నామన్నది నిజం, అక్కడే అన్యాయం ఉంది.

మిగతా చోట ఏం చేసిందో చూద్దాం. మొదట చనిపోయేది టెలిఫోన్ లైన్లు బాగుచేసే స్త్రీ. తన వ్యానులోకే ఆమెని లాగేస్తాడు. ఆటలు నేర్పే కోచ్ కూడా స్త్రీయే. ఆ కోచ్ ఇంట్లో ఒక దృశ్యం ఉంది. తలుపులోంచి డ్రిల్లు మొన ఒక్కసారిగా లోపలికి చొచ్చుకొస్తుంది. గుండె ఆగినంత పనవుతుంది. తీరా చూస్తే బయట నిలబడింది వడ్రంగం పని చేసే ఆడమనిషి, తలుపుకి చూసుకునే కన్నం వేస్తోంది. ప్రేక్షకులు దీన్ని ఉత్తుత్తి భయపెట్టడం అని కొట్టిపారేస్తారు. నేను దీన్ని సినిమాకి కీలకం అంటాను. అదే పనిముట్టు ఒక స్త్రీ చేతిలో ఉంటే, బయట ఎవరొచ్చారో లోపలున్న మరో స్త్రీ చూసుకోవడానికి ఉపయోగపడింది. బ్రౌన్ రాసిన కథకి మొదట పెట్టుకున్న పేరు 'తలుపు తియ్యొద్దు' అన్న అర్థం వచ్చేదే.

చివర్లో మిగిలేది ఒక్కతి కాదు, ముగ్గురు. ఇలాంటి సినిమాల్లో ఆఖరికి బతికే అమ్మాయిని 'ఫైనల్ గర్ల్' అని కరోల్ క్లోవర్ 1987లో పేరుపెట్టి విశ్లేషించింది. మగపిల్లలు కూడా ఆ అమ్మాయితో మమేకమై భయపడతారని ఆమె వాదన. మంచి వాదనే. కానీ ఆ అమ్మాయి మిగతావాళ్లకంటే బుద్ధిమంతురాలై ఉండాలన్న నీతి ఒకటి ఈ సినిమాలకి అంటుకుని ఉంది. ఇక్కడ బతికిన కోర్ట్నీ దొంగచాటుగా మగవాళ్ల నగ్న చిత్రాల పత్రిక తిరగేసిన పిల్ల. దానికి శిక్ష పడలేదు. కోచ్ మాత్రం చచ్చిపోతుంది. పిల్లలు ప్రమాదంలో ఉన్నారని అనుమానం వచ్చి, కారేసుకొచ్చి, నిప్పు కదిపే ఇనపకడ్డీతో వాడిని బాది మరీ చచ్చిపోతుంది. "టీచరొచ్చింది చూడండర్రా" అని మా పెద్దావిడ కుర్చీలో ముందుకు జరిగింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక పిజ్జా. మా అమ్మాయి పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నా స్నేహితురాలు నవ్వలేదు. సినిమా అయ్యాక టీ తాగుతూ చెప్పింది. "ఈయన పోయిన రోజు మధ్యాహ్నం నాకు విపరీతమైన ఆకలేసింది. రెండు రాత్రులు ఆస్పత్రిలో ఏమీ తినలేదు కదా. వంటింట్లోకెళ్లి నిన్నటి అన్నంలో పెరుగు కలుపుకుని నిలబడే తిన్నాను. మా ఆడపడుచు చూసింది. ఏడాదిపాటు ఆ మాట చుట్టాలందరిలో తిరిగింది. ఈ సినిమాలో నేను నమ్మింది ఆ ఒక్క పిల్లనే."

ఎగతాళి కోసం రాసిన సన్నివేశం. తీసినవాళ్లు కూడా నవ్వించడానికే తీసి ఉంటారు. చావు ఎదురుగా ఉన్నా ఆడదాని ఒంటికి ఆకలి ఉంటుందనీ, ఆ ఆకలికి మర్యాద తెలియదనీ అందులో పడిపోయింది. స్నానాల దృశ్యంలో కెమెరా చూసిన శరీరం కాదిది. తింటున్న ఆ పిల్ల ఎవరు చూస్తున్నారోనని పట్టించుకోదు. ఒకే సినిమాలో ఈ రెండు శరీరాలూ ఉన్నాయి. ఒకటి నిర్మాతకి కట్టిన కప్పం అనుకుంటే, రెండోది దాని చాటున దక్కించుకున్నది. ఇది స్త్రీవాద సినిమా అవునా కాదా అని సర్టిఫికెట్ రాయమంటే నేను రాయను. కుట్లు ఎక్కడ కనిపిస్తున్నాయో చూపించడం వరకే నా పని.

జోన్స్ ఆ మరుసటి సంవత్సరమే 'లవ్ లెటర్స్' తీసింది. 'హాలోవీన్'లో హంతకుడి నుంచి పరిగెత్తిన జేమీ లీ కర్టిస్ అందులో నాయిక. చనిపోయిన తల్లి దాచుకున్న ప్రేమలేఖలు చదివి తనూ ఒక పెళ్లయినవాడి ప్రేమలో పడే స్త్రీ కథ. తర్వాత ఎక్కువగా స్క్రిప్టులు రాసింది. 1988లో 'మిస్టిక్ పిజ్జా' కథ ఆమెదే, పిజ్జా ఆమెని వదిలినట్టు లేదు. చవక సినిమా తీసి అయ్యో అనిపించుకున్న మనిషి దశాబ్దాలపాటు ఆ పరిశ్రమలోనే పని చేసుకుంటూ బతికింది. 'స్లంబర్ పార్టీ'కి 1987లోనూ 1990లోనూ కొనసాగింపులు వచ్చాయి. వాటికీ దర్శకులు స్త్రీలే, డెబొరా బ్రాక్, శాలీ మాటిసన్. మూడు భాగాలూ స్త్రీలే తీశారన్న సంగతి పోస్టరు చూసినవాళ్లెవరికీ తెలిసే అవకాశం లేదు.

2021లో డానిష్కా ఎస్టర్‌హైజీ దీన్ని టీవీ కోసం మళ్లీ తీసింది. ఈసారి స్నానం చేసేది మగపిల్లలు, కెమెరా వాళ్ల ఒళ్ల మీద అంతే నింపాదిగా పాకుతుంది. బాకీ తీర్చుకున్నట్టు చాలామంది ప్రేక్షకులు సంతోషపడ్డారు. మా పీఈటీ గారికి ఈ సంగతి ఫోన్లో చెప్పాను. "మగపిల్లలకి స్నానాలు చేయిస్తే మనకేం ఒరిగిందమ్మా?" అని, కాసేపాగి, ఆ కొత్తదాంట్లోనూ టీచరు చచ్చిపోతుందా అని అడిగింది.