ఒక్క నాబ్ పెడల్

బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియోలకు వాడే రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ రేడియోలు అటకెక్కినా, ఆ గాజు గొట్టాల జాతి గిటార్ ట్యూబ్ ఆంప్‌లలో ఇంకా వెలుగుతూనే ఉంది.

వాటి సత్తా బయటపెట్టేది క్లీన్ బూస్ట్ అనే పెడల్. తనంతట తాను గరగర కలపదు. సిగ్నల్‌ని పెంచి పంపుతుంది, అంతే. 20 డెసిబెల్స్ పెంచితే వోల్టేజి పదింతలు! 1960ల చివర్లో వచ్చిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఎల్‌పీబీ-1 బూస్టర్‌లో ఉన్నది ఒక ట్రాన్సిస్టర్, ఒక నాబ్.

పనితనమంతా దాన్ని ఎక్కడ పెడతామన్నదానిలోనే ఉంది. స్వరం పగలడానికి సిద్ధంగా ఉన్న ఆంప్ ముందు పెట్టి నొక్కితే, ప్రీఆంప్ ట్యూబు తట్టుకోలేదు. స్వరం చిక్కబడి గరుకెక్కుతుంది, మోత మాత్రం పెద్దగా పెరగదు. అదే ప్రీఆంప్ తర్వాత వచ్చే ఎఫెక్ట్స్ లూప్‌లో పెడితే గరుకు అలాగే ఉంటుంది, సోలో మాత్రం డ్రమ్స్‌ని దాటుకుని వినిపిస్తుంది. అయితే పవర్ ట్యూబులకు ఇంకా ఓపిక మిగిలి ఉండాలి.

1996లో రాక్ బ్యాండ్ థర్మల్ అండ్ ఎ క్వార్టర్ పుట్టిన ఊరు బెంగళూరు. ఇక్కడి చిన్న వేదికలకు ఈ రెండో పద్ధతే మేలు.

మరో డిస్టార్షన్ పెడల్ కొనేముందు ఈ క్లీన్ బూస్ట్‌ని పెట్టి చూడండి. మొదటిసారి మాత్రం నాబ్ బాగా తగ్గించి నొక్కండి.