తీగ మీద నింద

యూఎస్‌బీ మోడెమ్‌లో డేటా చెడిపోతోందంటే మొదట తిట్లు తినేది కేబుల్. తమిళనాడులో విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు అయితే ఎండకీ సిగ్నల్‌కీ కూడా వాటా దక్కుతుంది. విరుదునగర్‌లోని ఒక పప్పు మిల్లు కాటా నుంచి లారీ బరువులు ఎస్సెమ్మెస్‌లుగా కోవిల్‌పట్టి ఆఫీసుకు వస్తాయి. అక్కడ మోడెమ్ తగిలించిన చిన్న కంప్యూటర్ పెట్టె వాటిని చదివి లెక్కలోకి ఎక్కిస్తుంది. అప్పుడప్పుడూ ఒక లారీ నంబరు పక్కన ఇంకో లారీ బరువు కూర్చునేది.

"కేబుల్ మార్చినామన్నా, సిమ్మూ మార్చినాము. ఇంగ మోడెమ్మే మార్చాల," అన్నాడు గుమాస్తా. ఇంట్లో తెలుగు, మండీలో తమిళం మాట్లాడే మనిషి. ఈ నల్లరేగడి నేలలో అది మామూలే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగే. 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది మాత్రం తమిళ నవలకి.

నేను కేబుల్ పక్షం. యూఎస్‌బీలో ఇలాంటి డేటా ప్యాకెట్ వెంట 16 బిట్ల సరిచూపు సంఖ్య కూడా వస్తుంది. దాన్ని సీఆర్‌సీ అంటారు. దారిలో ఒక్క బిట్టు తిరగబడినా అవతలి పక్క ఆ ప్యాకెట్‌ని పుచ్చుకోదు, మళ్లీ పంపాల్సిందే. అంటే చెడ్డ కేబుల్ డేటాను ఆలస్యం చేస్తుంది, ఆపేస్తుంది. పెద్దమనిషిలా కనిపించే తప్పుడు అంకెను పుట్టించడం దాని చేత దాదాపు కాదు. అలాంటిది పుట్టేది ప్యాకెట్ క్షేమంగా దిగాక, ఇంటి లోపలే.

చెడిన తీరే ఆనవాలు. 13వ నంబరు బైటు 10గా మారితే అది టెర్మినల్ సెట్టింగు పని. 17, 19 మాయమైతే డేటాను ఆపి నడిపే ఎక్సాన్-ఎక్సాఫ్ పద్ధతి వాటిని తన సంకేతాలనుకుని మింగేసిందన్నమాట. మధ్యలో పెద్ద ముక్క ఎగిరిపోతే చదివేవాడు ఆలస్యం చేశాడు, బఫర్ నిండిపోయింది. మాకు దొరికింది ఇవేవీ కాదు. చెడిన ఎస్సెమ్మెస్‌లు బైటు బైటుగా పరిచి చూస్తే ప్రతిదానిలో తొలి కొద్ది అక్షరాలే పాతవి, అంతకుముందు చదివిన లారీవి. మిగతాదంతా కొత్తదే. పైగా అదే మోడెమ్, దాన్ని నడిపే అదే డ్రైవర్ ప్రోగ్రామ్ లాప్‌టాప్‌లో పెడితే ఏ తేడా లేదు.

ఆ చిన్న పెట్టెలో ఉన్నది ఏఆర్ఎమ్ ప్రాసెసర్. యూఎస్‌బీ కంట్రోలర్ వచ్చిన డేటాను ప్రాసెసర్‌ని అడక్కుండా నేరుగా మెమరీలో రాస్తుంది, దీనినే డీఎమ్ఏ అంటారు. ప్రాసెసర్ మాత్రం అదే చోటుకి సంబంధించిన నకలు ఒకటి తన క్యాష్‌లో ఉంచుకుంటుంది. గుమాస్తా జేబులో చిట్టా పెట్టుకుని, ఈలోగా ఇంకొకరు పెద్ద పద్దులో రాసిందాని మీద పాత చిట్టా దించేసినట్టు. క్యాష్ ఒక్కో బైటుగా కాదు, 32 లేదా 64 బైట్ల గీతలుగా పనిచేస్తుంది. మా డ్రైవర్ రాసినవాళ్లు డేటా బఫర్‌ని ఒక కౌంటర్‌కి ఆనించి, ఒకే స్ట్రక్చర్‌లో పెట్టారు. కౌంటర్ పెరిగినప్పుడల్లా ఆ గీత మొత్తం 'మారింది' అయి మెమరీలోకి తిరిగి దిగుతుంది, దాంతోపాటు బఫర్ తొలి బైట్ల పాత నకలూ దిగుతుంది. ఇంటెల్ తరహా లాప్‌టాప్‌లో హార్డ్‌వేరే ఆ రెండు నకళ్లనూ సరిచూస్తుంది కాబట్టి తప్పు అక్కడ దాక్కుంది. స్టాక్ మీద డీఎమ్ఏ వద్దు, బఫర్ ఉన్న క్యాష్ గీతలో ఇంకేదీ పెట్టొద్దు అని లైనక్స్ కెర్నెల్ పత్రాలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాయి. ఆ పేజీ చదివేవాళ్లు తక్కువ.

బఫర్‌ని కెర్నెల్‌లో మెమరీ ఇచ్చే కేమాలక్‌తో విడిగా కేటాయిస్తే సరిపోయింది, మార్పు నాలుగైదు వరసలు. పరీక్షకే ఎక్కువసేపు పట్టింది. వేళకొకసారి వచ్చే జబ్బు కదా, పది నిమిషాలు బాగుంటే నమ్మడానికి లేదు. సిమ్‌లో ఉన్న రెండు వేర్వేరు ఎస్సెమ్మెస్‌లను మార్చి మార్చి రాత్రంతా చదివించాం. మొదట పాత డ్రైవర్‌తో, తప్పు కచ్చితంగా బయటపడేదాకా. ఆ తర్వాతే కొత్తదానితో.