సొంత నావ, పరాయి ఓడ: సముద్రయాన కథనంలో దాంపత్యం

సారాంశం: మైల్స్ స్మీటన్ ఆంగ్ల రచన 'వన్స్ ఈజ్ ఇనఫ్' (1959) ఒక జంట తమ సొంత తెరచాప నావలో సాగించిన మహాసముద్రయానాన్ని చిత్రిస్తుంది. ఈ రచనలోని భార్యాభర్తల శ్రమభాగస్వామ్యాన్ని, కథనాధికారాన్ని ఉత్తరాంధ్ర 'రంగం' వలసల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, సముద్రయానం, దాంపత్యం, రంగం వలస, కథనాధికారం.

1. ఉపోద్ఘాతం

రాజాం సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు కాదు. అయినా అది ఉన్న ఉత్తరాంధ్రకు సముద్రం పరాయిది కాదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల మీదుగా ఈ ప్రాంతపు కూలీలు తరాల తరబడి రంగూన్ వెళ్లారు. ఆ నగరాన్ని ఇక్కడి జనం 'రంగం' అన్నారు. వెళ్లినవారిలో అత్యధికులు పురుషులు. ఓడ కంపెనీది, కూలి మేస్త్రీ చేతిది. ఇంట మిగిలిన భార్యకు సముద్రమంటే ఎడబాటు. ఈ అనుభవం తెలిసిన పాఠకుడికి స్మీటన్ రచన ఒక ప్రశ్న వేస్తుంది: అదే సముద్రం ఒక జంటను ఎలా కలిపి ఉంచగలిగింది?

2. చుక్కాని పట్టిన భార్య

మైల్స్, బెరిల్ స్మీటన్ దంపతుల 'ట్జు హాంగ్' 46 అడుగుల నావ. 1956 డిసెంబరులో వారు జాన్ గజ్వెల్ అనే యువ నావికునితో కలిసి మెల్‌బోర్న్ నుంచి కేప్ హార్న్ దిశగా బయలుదేరారు. 1957 ఫిబ్రవరి 14న ఒక మహాతరంగం నావను తలకిందులు చేసింది. ఆ క్షణాన చుక్కాని దగ్గర ఉన్నది బెరిల్. సముద్రంలోకి విసిరివేయబడిన ఆమె ఈదుకుంటూ నావను చేరారు. గాయాలతోనే నీరు తోడే పనిలో చేయి కలిపారు. తెరచాప కొయ్యలు విరిగిపోగా, ముగ్గురూ తాత్కాలిక తెరచాపతో చిలీ చేరుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో దంపతులిద్దరే మళ్లీ బయలుదేరారు. మళ్లీ నావ బోల్తాపడింది, మళ్లీ చిలీకే తిరిగివచ్చారు. 'ఒక్కసారి చాలు' అనే శీర్షికలోని వ్యంగ్యం ఇదే. ఈ కథనంలో భార్య రక్షణ కోరే పాత్ర కాదు, నావను నడిపే సగం బలం.

3. కథనాధికారం

అయినప్పటికీ కథకుడు భర్తే. బెరిల్ స్వయంగా రచయిత్రి, తన ప్రయాణాలపై పుస్తకాలు రాశారు. కానీ ఈ యానంలో ఆమె అనుభవం భర్త చూపులోంచే పాఠకునికి అందుతుంది. నీటిలో ఒంటరిగా ఉన్న ఆ కొద్ది నిమిషాలకు అసలు సాక్షి ఆమె ఒక్కరే. శ్రమలో కనిపించిన సమానత్వం కథనంలో పూర్తిగా నిలవలేదన్నది ఈ రచనపై ప్రధానమైన విమర్శ.

రెండో పరిమితి ఆర్థికమైనది. మైల్స్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, బర్మా యుద్ధరంగంలోనూ పనిచేశారు. అదే బర్మా నుంచి 1942లో భారతీయ కూలీలు కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. సాహసాన్ని ఎంచుకునే స్వేచ్ఛ నావ సొంతమైనవారికే దక్కింది.

4. దాంపత్యానికి ఆవల

ఈ సమీకరణాన్ని 'తారిణి' యాత్ర మార్చింది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన ఈ నౌకాదళ తెరచాప నావలో ఆరుగురూ మహిళలే. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. చుక్కాని పట్టడానికి స్త్రీకి భర్త నావ అవసరం లేదని ఈ యాత్ర నిరూపించింది.

5. ముగింపు

1. స్మీటన్ రచనలో దాంపత్యం భావుకత కాదు, పంచుకున్న శ్రమ.
2. ఆ శ్రమను చెప్పే అధికారం మాత్రం ఒకరికే దక్కింది.
3. సముద్రం జంటను కలుపుతుందా, విడదీస్తుందా అన్నది నావ ఎవరిదన్న దానిపై ఆధారపడింది.

రంగం ప్రయాణం కూడా ఇద్దరిదే. ఒకరు ఓడ డెక్కు మీద, మరొకరు ఇంటి గడపలో ఆ యానాన్ని మోశారు. రాజాం వంటి ప్రాంతాల వృద్ధ మహిళల జ్ఞాపకాల్లో మిగిలిన ఆ రెండో సగాన్ని సేకరించడం పరిశోధకుల తక్షణ బాధ్యత. ఆ గొంతులు మూగబోతే రంగం చరిత్ర కూడా ఒకవైపు కథనంగానే మిగిలిపోతుంది.