వెనక్కి నడిచే లెక్క

రాందాస్ చౌరస్తా చాయ్ హోటల్లో మా గల్లీ పిల్లాడి నోటుబుక్కు చూసి ఒళ్లు మండింది. ఇంటర్ ఫస్టియర్, మ్యాథ్స్ 1ఎ, మొదటి పాఠం ప్రమేయాలు. విలోమ ప్రమేయం అడిగిన ప్రతి లెక్కకూ మొదటి పంక్తి ఒకటే: ఎక్స్ ఉన్నచోట వై, వై ఉన్నచోట ఎక్స్. ఎందుకురా అంటే, ‘ట్యూషన్ల గట్లనే చెప్పిన్రు సారూ’ అన్నాడు.

నాదో రోగం, ఏ లెక్క కనబడ్డా లీలావతి రావాల్సిందే. 1150 నాటి ఆ గ్రంథంలో భాస్కరాచార్యుడు వ్యస్తవిధి, అంటే జవాబు నుంచి వెనక్కి నడిచే పద్ధతి, చెప్పాడు: కూడితే తీసెయ్యి, హెచ్చిస్తే భాగించు, వర్గం చేస్తే మూలం తియ్యి. అంతకు ఆరున్నర వందల ఏళ్ల ముందే, 499లో, ఆర్యభటుడు ఈ కిటుకు చెప్పాడనుకోండి. లీలావతిలో లెక్క ఇది. ఒక సంఖ్యను 3తో హెచ్చించి, వచ్చినదానికి దాని ముప్పాతిక కలిపి, 7తో భాగించి, అందులో మూడోవంతు తీసేసి, వర్గం చేసి, 52 తీసి, మూలం కట్టి, 8 కలిపి, 10తో భాగిస్తే 2. సంఖ్య ఎంత?

వెనక నుంచి రండి. 20, 12, 144, 196, 14. మూడోవంతు పోగా 14 మిగిలిందంటే అంతకుముందు 21. తర్వాత 147. ముప్పాతిక కలవకముందు 84. జవాబు 28.

గర్వంగా చాయ్ అందుకున్నాను. వాడు పెన్సిల్ నమిలి, ‘మైనస్ 28 పెట్టినా 2 వస్తది గద’ అన్నాడు. వస్తుంది. వర్గం చేశాక గుర్తు మిగలదు. పాఠంలో అన్వేకం (ఒక్కో జవాబుకు ఒక్క సంఖ్యే ఉండటం) గురించి అంత పట్టింపు ఇందుకే: ఇద్దరు ఒకే గుమ్మంలోకి వెళ్తే, బయటికొచ్చేది ఎవరని చెప్పలేం.

వాడి తర్వాతి లెక్క: పైన 2ఎక్స్ + 3, కింద ఎక్స్ – 1. ఎక్స్ రెండుచోట్ల ఉంది, మరి ఏ పనిని ముందు వెనక్కి తిప్పాలి? 2కు 5 బై (ఎక్స్ – 1) కలిపినట్టు విడగొడితే వ్యస్తవిధికి పట్టు దొరుకుతుంది. అలా విడగొట్టడం తోచేలోపు వాడు అక్షరాలు మార్చి, అడ్డగుణకారం చేసి, వైలను ఒకవైపు చేర్చి తేల్చేశాడు: పైన ఎక్స్ + 3, కింద ఎక్స్ – 2.

అక్షరాలు మొదట్లోనే మార్చనక్కర్లేదు, ఆఖర్న మార్చినా చాలు. అయినా ఎక్స్ ఎన్నిచోట్ల ఉన్నా బెదరకుండా మొదలుపెట్టడానికి వాడికో దారుంది, లీలావతి పట్టుకు తిరిగే నాకు లేదు. ఈసారికి ట్యూషన్ పద్ధతికే నా ఓటు. ఎక్స్ విలువ 2 కారాదన్న ముక్క మాత్రం రాయలేదు, పక్కన రాయించాను.