పేరు పెట్టినవాళ్ళ కళ్ళు

పక్షుల్ని చూడడం మొదలుపెట్టిన కొత్తలో నాకో చెడ్డ అలవాటు ఉండేది. పిట్ట కనబడగానే నోట్‌బుక్‌లో పేరు రాసేసి, ఇంకో పిట్ట కోసం మెడ తిప్పేవాణ్ణి. ఆ అలవాటు ఒక జనవరి ఉదయం కొల్లేటి గట్టు మీద వదిలింది.

నీళ్ళలో పాతిన కర్ర మీద కూర్చుని ఉందది. పొట్ట తెలుపు, వీపు మట్టి రంగు, కంటి మీదుగా మెడ దాకా కాటుక గీత. ‘ఆస్ప్రే’ అని రాసి బైనాక్యులర్స్ దించాను. పక్కన వల దులుపుకుంటున్న పెద్దాయన నవ్వాడు. “అప్పుడే సూసేసేరా బాబూ? కొరమీను గద్దండది. ఇంకా లేవనే లేదు.”

సిగ్గేసి కూర్చున్నాను. గంట గడిచాక లేచింది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్ళు ముందుకు చాచి దబ్బున నీళ్ళలో పడింది. ఖాళీ కాళ్ళతో లేచింది. రెండోసారీ అంతే. మూడోసారి చేప దొరికింది. ఎగురుతూనే కుక్కపిల్లలా ఒళ్ళు విదిలించుకుని, చేప తల ముందుకు వచ్చేలా సర్దుకుంది. అలా పట్టుకుంటే గాలి అడ్డు తగ్గుతుంది.

దీని బయటి వేలు వెనక్కి తిరుగుతుంది. ముందు రెండు, వెనక రెండు వేళ్ళతో పట్టకారులా బిగిస్తుంది. జారిపోకుండా అరికాళ్ళ నిండా ముళ్ళలాంటి గరుకు. మునిగేటప్పుడు ముక్కుపుటాలు మూసుకుంటాయి. ఇన్ని ఉన్నా మీటరు లోతు దాటి వెళ్ళలేదు. అంటే పైపైకి వచ్చే చేపే దీని పాలబడేది. కొరమీనుకేమో మొప్పలొక్కటే చాలవు, గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి రావాల్సిందే. ఈ పేరు ఎవరు పెట్టారో గానీ, గట్టు మీద చాలాసేపు కూర్చున్నవాళ్ళే అయ్యుంటారు.

ఇది మనకు చలికాలపు చుట్టం. ఎక్కడో ఉత్తరాన ఎత్తైన చెట్ల మీద పుల్లల గూడు కట్టి, ఏటేటా దానికే మరమ్మతు చేసుకుంటుంది. మామూలుగా మూడు గుడ్లు. పొదగడానికి ఐదు వారాల పైనే పడుతుంది. అన్నాళ్ళూ చేపలు తెచ్చిపెట్టేది ఎక్కువగా మగపక్షే. పిల్ల తొలిసారి వలస బయల్దేరితే దారి చూపడానికి అమ్మా ఉండదు, నాన్నా ఉండడు.

అమెరికాలో ఒకప్పుడు డీడీటీ అనే పురుగుమందు చేపల గుండా ఈ గద్దల ఒంట్లో చేరి, గుడ్ల పెంకులు పలచబడి, తల్లి కిందే చితికిపోయేవి. కనెక్టికట్ నది దగ్గర ఏటేటా గూళ్ళెక్కి గుడ్లు లెక్కపెట్టిన వాళ్ళుండబట్టే ఆ సంగతి లోకానికి తెలిసింది. 1972లో అక్కడ ఆ మందును నిషేధించాక గూళ్ళు మళ్ళీ నిండాయి.

ఆ ఉదయం ‘ఆస్ప్రే’ కొట్టేసి ‘కొరమీను గద్ద’ అని రాశాను. పక్కన: మూడు దూకుళ్ళు, ఒక కొరమీను.

పెద్దాయన తొంగిచూసి, ఏం రాశానో చదవమన్నాడు. చదివాను.

“కొరమీను కాదు బాబూ, జెల్ల,” అన్నాడు. ఆయన దగ్గర బైనాక్యులర్స్ లేవు.